కమ్మరింటి అల్లుడి జ్ఞానస్నానం

మడుగింటి వూనిబాల్ట్ ముసలాయన తన తొంభై ఒకటో ఏట, అక్టోబరు ఆఖరి ఆదివారం నాడు, ఏడు బంగాళాదుంప ఉండలు తిని, ఎనిమిదోది అడిగి, అది పళ్ళెంలోకి వచ్చేలోపల పోయాడు. మా ఎగువ వింకెల్ ఊరు ఊరంతా ఏడ్చింది. ప్రేమతో ఏడ్చామనుకునేరు. ఆ మనిషి బతికినన్నాళ్ళూ దారిన పోయేవాళ్ళందర్నీ తిట్టాడు, నా కోళ్ళ మీదికి కుక్కను ఉసిగొల్పాడు. మేం ఏడ్చింది అతని పేరు కోసం. ఆ పేరున్న మగాడు ఊళ్ళో ఇక ఒక్కడూ మిగల్లేదు.

ఇందులో ఏడవడానికేముందంటే, అంతా అడవి గొడవ. మాకూ దిగువ వింకెల్ ఊరికీ నడుమ గుట్ట మీద ఓక్ అడవి ఉంది. రెండు వందల నలభై ఏళ్ళ కిందట ఆ కట్టెల కోసం రెండూళ్ళవాళ్ళూ తలకాయలు పగలగొట్టుకున్నారు. తీర్పు చెప్పీ చెప్పీ విసిగిపోయిన బిషప్పు ఒక కాగితం రాసి పారేశాడు. అడవి మీదీ కాదు, వాళ్ళదీ కాదు, పునీత వూనిబాల్ట్‌ది. ఏ ఊళ్ళో ఆయన పేరుతో జ్ఞానస్నానం పొందిన మగవాడు బతికి ఉంటాడో ఆ ఊరు ఆయన తరఫున కట్టె కొట్టుకోవచ్చు. రెండూళ్ళలోనూ ఉంటే చెరిసగం. ఒక ఊళ్ళో లేకపోతే మొత్తం రెండో ఊరికి. ఏటా డిసెంబరు పద్దెనిమిదిన, పునీతుడి పండుగనాడు, ఆ పేరుగలవాడు స్వయంగా గొడ్డలి మీద చెయ్యి వేసి మొదటి దెబ్బ కొట్టాలి. పైగా, జ్ఞానస్నానపు తొట్టి దగ్గర పెట్టింది అదొక్క పేరే అయి ఉండాలని కూడా రాశాడు. మా తాతల సంగతి బిషప్పుకు తెలుసు. లేకపోతే పుట్టిన ప్రతివాడి అసలు పేరు వెనకాలా దీన్ని తోకలా తగిలించేసి ఉండేవాళ్ళు.

ఆ తర్వాత రాజులు పోయారు, యుద్ధాలు వచ్చి పోయాయి, కోర్టులు వచ్చాయి. ఆ కాగితాన్ని మాత్రం ఎవరూ కదపలేదు. కదిపితే సర్కారు వచ్చి అడవినే పట్టుకుపోతుందని రెండూళ్ళకూ భయం.

వూనిబాల్ట్ పేరు ఏమంత గొప్పదో మా ఫాదర్ ఉర్బాన్ ఏటా ప్రసంగంలో చెబుతాడు. పాత భాషలో 'వున్నా' అంటే ఆనందమట, 'బాల్ట్' అంటే తెగువట. ఆనందంగా తెగించేవాడు అని అర్థం. నేను డెబ్బై మూడేళ్ళుగా చూస్తున్నాను, మా ఊరి వూనిబాల్ట్‌లలో ఆనందం ఉన్నవాడికి తెగువ లేదు, తెగువ ఉన్న ఒక్కడూ జైలుకు పోయాడు. మా తాతల కాలంలో ఈ ఊళ్ళో పదిహేడు మంది వూనిబాల్ట్‌లు ఉండేవాళ్ళట. బళ్ళో పంతులు 'వూనీ' అని పిలిస్తే సగం తరగతి లేచి నిలబడేది. అందుకే ఇంటిపేరు పట్టుకుని మడుగింటి వూనీ, మేడింటి వూనీ, మేకలింటి వూనీ అని పిలిచేవాళ్ళు. రానురాను తెలివితక్కువవాణ్ణి వూనీ అనడం మొదలైంది, దాంతో తల్లులకు ఆ పేరు చేదైంది. మా చిన్నతనానికి ముగ్గురు మిగిలారు. నా పెళ్ళినాటికి మడుగింటాయన ఒక్కడే. ఊరికి ఒక ఆబోతును వదిలినట్టు ఆయన్ను వదిలేశాం, ఎక్కడ మేసినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

చివరి పదేళ్ళూ ఆ ముసలాణ్ణి గుడ్డు పెట్టే బాతులా చూసుకున్నాం. నిచ్చెన ఎక్కనిచ్చేవాళ్ళం కాదు. మేడింటి గోట్‌హార్డ్ భార్య అతనికి ఉన్ని లాగులు అల్లి ఇచ్చేది. నేను బుధవారం బుధవారం సూపు పంపేదాన్ని, నా కోళ్ళ సంగతి మింగుకుని. ఇంతచేసినా ఒక్క ఇంట్లోనూ పుట్టినవాడికి ఆ పేరు పెట్టలేదు. పక్కింటివాళ్ళు పెడతారులే అని ఎవరికి వాళ్ళు లూకాస్‌లూ ఫీలిక్స్‌లూ పెట్టుకున్నారు. పదిమందిలో పాము చావదంటారు, మా ఊళ్ళో పుట్టనూ లేదు.

దిగువ వింకెల్‌లో సరిగ్గా మే నెలలో ఒకడు పుట్టాడు. మ్యూనిక్ నుంచి వచ్చి పాత పాలకేంద్రం కొనుక్కున్న పళ్ళ డాక్టరు, అతని భార్య వాడి అమ్మానాన్నలు, ఆ ఒక్క పేరుతోనే జ్ఞానస్నానం చేయించారు. పట్నం జనానికి ఇప్పుడు అమ్మమ్మల కాలం పేర్లు ముద్దొస్తున్నాయట. ముందు బుట్ట ఉన్న సైకిల్లో ఆ పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతూ 'మా వూనిబాల్ట్, మా వూనిబాల్ట్' అంటుంటే దిగువవాళ్ళు వాళ్ళ వెనకాల కేకులు పట్టుకుని తిరిగారు.

ముసలాయన్ను పూడ్చిన రోజునే, బీరుకొట్లో, దినం భోజనాలు ఇంకా బల్లల మీద ఉండగానే మీటింగు పెట్టాడు గోట్‌హార్డ్. అతను కట్టె హక్కుదారుల సంఘానికి పెద్ద. నా మొగుడి చిన్ననాటి స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. యాభై రోజులుంది పండుగకి.

"కడుపుతో ఎవరున్నారు?" అన్నాడు, పశువుల సంత లెక్క తీసినట్టు.

ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఈస్టరుకు గాని పుట్టదంది. ఉన్న పిల్లలందరికీ జ్ఞానస్నానాలు అయిపోయాయి. ఒకసారి తలమీద నీళ్ళు పడ్డాక రెండోసారి పొయ్యకూడదు, పోసినా చెల్లదు. పోనీ బయటినుంచి వూనిబాల్ట్‌ను తెచ్చుకుందామని జిల్లా అంతా ఫోన్లు చేశారు. తొంభై ఆరేళ్ళాయన ఒకడు వృద్ధాశ్రమంలో దొరికాడు. ఇక్కడ సాయంత్రం ఆరింటికి పాయసం పెడతారు, మీ ఊళ్ళో పెడతారా అని అడిగి ఫోను పెట్టేశాడు.

అప్పుడు తపాలా పంచే ఎల్‌ఫ్రీడ, నోట్లో మాంసం ముక్క నములుతూనే అంది: "కమ్మరింటి అల్లుడున్నాడుగా. ఆ సాక్సనీ ఆయన. ఆయన నెత్తిన ఇంతవరకూ చుక్క నీళ్ళు పడలేదు."

బీరుకొట్టంతా తలుపు పక్క బల్ల కేసి తిరిగింది. కమ్మరింటి అల్లుడంటే నా అల్లుడు. నేను కమ్మరింటి క్రెసెన్స్‌ని, సెన్సి అంటారు. మా ఇంట్లో కమ్మరం మానేసి ఎనభై ఏళ్ళయింది, ఇంటిపేరు మాత్రం ఇంటిని వదల్లేదు. నా కూతురు ఆఫ్రా పంతొమ్మిదేళ్ళ కిందట తూర్పు నుంచి, కెమ్నిట్స్ నుంచి ఇతన్ని తెచ్చుకుంది. ఇల్లరికం వచ్చాడు. అక్కడ కమ్యూనిస్టులు దేవుణ్ణి నలభై ఏళ్ళు మూలన పెట్టేశారు కదా, అతనికి చర్చి అంటే పైకప్పు ఎత్తుగా ఉండే కట్టడం, అంతే. పెళ్ళి పంచాయతీ ఆఫీసులో సంతకాలతో సరిపెట్టారు. ఆ ఏడే నా మొగుడు పోయాడు. ఆ రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు, అయినా పెట్టాను సంబంధం.

అతని పేరు నా నోటితో అననని ఒట్టు పెట్టుకున్నాను. అన్నం తినడానికి పిలవాలంటే 'ఇదిగో' అనేదాన్ని. ఊరి ముందు 'మా అమ్మాయి ఆయన' అనేదాన్ని. నన్ను చూసి ఊరూ నేర్చుకుంది. ట్రాక్టరు ఆగిపోతే సాక్సనీవాడికి కబురు పెట్టు అనేవాళ్ళు. అగ్నిమాపక దళం వ్యాను మరమ్మతు చేసింది అతనే, ఏటా తీసే దళం ఫోటోలో మాత్రం అతను ఉండడు, ఎందుకంటే తీసేది అతనే. మనిషి కోపం చూపించేవాడు కాదు. కోపం చూపిస్తే నాకు సుఖంగా ఉండేది, పోట్లాడుకునేవాళ్ళం.

గోట్‌హార్డ్ బీరు గ్లాసు పట్టుకుని అతని బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

"చూడబ్బాయ్, నీకో మంచి పేరిస్తాం," అన్నాడు. "నీకిప్పుడున్నది ఒక పేరేనా? అది కుందేలుకు పెడతారు. పిల్లలు పెంచుకునే చిట్టెలుకకు పెడతారు. మేమిచ్చేది వెయ్యేళ్ళ పేరు. మా పెద్దబల్ల దగ్గర కుర్చీ కూడా నీదే, మడుగింటాయన కూర్చున్న కుర్చీ."

"అది కుంటి కుర్చీ," అన్నాడు నా అల్లుడు.

"నువ్వే బాగు చేసుకోవచ్చుగా."

"నాకు పేరుంది, గోట్‌హార్డ్ గారూ."

"ఉంటే ఉంది, ఉంచుకో. పాస్‌పోర్టులో ఉంచుకో. ఊళ్ళో మాత్రం తొట్టి దగ్గర పెట్టిందే పేరు. అది మా పద్ధతి."

అది నిజం. మా ఊళ్ళో సర్కారు కాగితాల్లో ఏమున్నా, తొట్టి దగ్గర తల్లి స్థానంలో పక్కన నిలబడే జ్ఞానతల్లి నోటినుంచి ఏ పేరు వస్తుందో ఆ పేరుతోనే మనిషి బతుకుతాడు, రాతి మీద కూడా అదే చెక్కుతారు. పేపర్లలో మార్టిన్ అని ఉన్నా చచ్చేదాకా కిలియాన్‌గా తిరిగినవాళ్ళున్నారు.

అతను ఆ రోజు ఒప్పుకోలేదు. వారం రోజులు ఊరు అతని మీద పడింది. ఎన్నడూ గుమ్మం తొక్కనివాళ్ళు కేకులు తెచ్చారు. ఎల్‌ఫ్రీడ ఉత్తరాలతోపాటు ఒక ప్రార్థన పుస్తకం పడేసి పోయింది. ఆఖరికి నా కూతురే అంది, "నీ ఇష్టం. కానీ నువ్వు కాదంటే ఈ ఊళ్ళో మనల్ని బతకనివ్వరు. అమ్మకి ఈ వయసులో వేరే ఊరు ఎక్కడ?" అతను నా వైపు చూశాడు. నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తూ తల ఎత్తలేదు. సరేనన్నాడు.

ఫాదర్ ఉర్బాన్ కొంచెం గింజుకున్నాడు. అయిదు ఊళ్ళకు ఆయనొక్కడే, కారులోనే భోంచేస్తాడు పాపం. పెద్దవాళ్ళకు జ్ఞానస్నానమంటే ఏడాది పాఠాలు చెప్పాలి, ఎక్కడో ప్రాణాపాయం ఉంటే తప్ప తొందరపడకూడదన్నాడు.

"ప్రాణాపాయమే," అన్నాడు గోట్‌హార్డ్. "మీ పాదిరి బంగళా పొయ్యిలోకి కట్టె ఎక్కణ్ణుంచి వస్తోందో ఒకసారి ఆలోచించండి ఫాదర్. అతను ఇంజన్లు విప్పి బిగించే మనిషి, ఏడాది పాఠం మూడు వారాల్లో లాగేస్తాడు."

ఫాదర్ ఆలోచించాడు, బిషప్పుకు జాబు రాశాడు. ఏం రాశాడో ఆయనకూ దేవుడికీ తెలియాలి, అనుమతి మాత్రం వచ్చింది. డిసెంబరు పద్నాలుగు ఆదివారం ముహూర్తం. జ్ఞానతల్లి ఎవరన్న మాట వచ్చినప్పుడు ఊరంతా ఒక్క గొంతుతో సెన్సి అంది. ఇల్లరికపు అల్లుడు, అత్తే తల్లి, బాగానే కుదిరిందని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఇక ఆ చిరాకు పేరు అనే అవసరమే ఉండదు, వూనీ అని పిలిచి అన్నం పెట్టొచ్చు అనుకున్నాను. అంత కుళ్ళు ఉండేది నాలో, దాచి లాభం లేదు.

శనివారం మధ్యాహ్నం కట్టెల కొట్టంలోకి వెళ్ళాను. అతను పోయినేటి ఓక్ చెక్కలు గోడవారగా పేరుస్తున్నాడు. చెక్కకు చెక్క అతికినట్టు పేరుస్తాడు, వేలు దూరదు.

"రేపు ఏ చొక్కా వేసుకుంటావ్?" అన్నాను.

"తెల్లది. అత్తమ్మా, ఒక మాట అడగనా?"

"అడుగు, కట్టె పేరుస్తూ అడుగు."

"రేపటితో ఎలాగూ పోతుంది. ఈలోపల ఒక్కసారి నా పేరు పెట్టి పిలుస్తారా? ఎవరూ వినక్కర్లేదు. ఇక్కడ కట్టెలు, మనం, అంతే."

"ఎదురుగా నిలబడ్డ మనిషిని పిలవడమేంటి? ఎక్కడికన్నా పోతే పిలుస్తారు," అన్నాను.

అతను నవ్వలేదు. ఇంకో చెక్క తీసుకున్నాడు. పేరుస్తూనే, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మా అమ్మ రమోనా నూలు మిల్లులో రాత్రి షిఫ్టు చేసేది. మా నాన్న ఎవరో ఆమే చెప్పలేదు. నేను పుట్టినప్పుడు పేరు రాయించడానికి ఒక్కతే పోయింది. అక్కడ కూర్చున్న ఆఫీసరు, ఇది అమెరికావాళ్ళ పేరు, మన దేశంలో మంచి పేర్లు లేవా, నీ మిల్లువాళ్ళకు కబురు పెట్టమంటావా అని బెదిరించాడట. కుట్లు ఇంకా ఆరలేదు, నిలబడలేక బల్ల పట్టుకుని నిలబడి అందట, నొప్పులు నావి, కొడుకు నావాడు, పేరు నాది, రాయి అని. మూడు గంటలు కదల్లేదట. రాశాడు. ఆ తర్వాత మిల్లులో ఆమెకు పై మెట్టు ఎప్పుడూ రాలేదు."

నేను కింద రాలిన బెరడు ముక్కలు ఏరి ఒళ్ళో వేసుకున్నాను.

"నేను పుట్టిన ఊరికే రెండుసార్లు పేరు మార్చారు అత్తమ్మా. బోర్డు మారింది, మురుక్కాలవలు అవే ఉన్నాయి. మనిషికి మారిస్తే మాత్రం ఏముందిలే అనుకున్నాను. కానీ మా అమ్మ నాకు ఇచ్చింది ఇంకేం లేదు. ఇల్లు లేదు, నగ లేదు, ఫోటో కూడా ఒక్కటే. ఆమె ఆ బల్ల దగ్గర నిలబడి సంపాదించింది ఇదొక్కటే. గోట్‌హార్డ్ గారు దాన్ని చిట్టెలుక పేరన్నారు. ఆ మాట ఎందుకో లోపలే ఉండిపోయింది."

"ఆ మేడింటివాడి మొహం. వాడి తాత పంది పేరు కూడా గోట్‌హార్డే," అన్నాను. అది అబద్ధం. అంతకంటే ఏమనాలో తోచలేదు. అతని పేరు నా నాలుక చివరదాకా వచ్చింది, పంతొమ్మిదేళ్ళ మొండితనం దాన్ని వెనక్కి లాగింది. చొక్కా ఇస్త్రీ చేస్తానని చెప్పి ఇంట్లోకి వచ్చేశాను. ఇస్త్రీ చేస్తూ చొక్కా చెయ్యి మాడ్చాను.

ఆదివారం చర్చిలో ఈస్టరుకు కూడా రానంత జనం. బాండువాళ్ళు వచ్చారు, అగ్నిమాపక దళం యూనిఫారాల్లో వచ్చింది. దిగువ వింకెల్ నుంచి ఇద్దరు గూఢచారులు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు, ప్రార్థన పుస్తకం తలకిందులుగా పట్టుకుని. తొట్టి వెనకాలే పునీత వూనిబాల్ట్ కొయ్యబొమ్మ. ఇటుక రంగు బుగ్గలు, చేతిలో ఇటుక పనివాడి తాపీ. ఆయన కథ నాకు కంఠతా వచ్చు, అరవై ఏళ్ళు పిల్లలకు నేనే చెప్పాను. ఈ నేల మీద పుట్టినవాడు కాదు. సముద్రం అవతల ఇంగ్లాండులో సాక్సన్ల ఇంట్లో పుట్టి, ఇక్కడికి వచ్చి, ఇక్కడివాళ్ళతో నానా మాటలూ పడి, జబ్బు శరీరంతో అడవి నరికి మఠం కట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు ఒకసారి విషం కూడా పెట్టారంటారు. పోయాక పునీతుణ్ణి చేసి మొక్కుతున్నారు. బతికుండగా ఆయన్ను కూడా తలుపు పక్క బల్ల దగ్గరే కూర్చోబెట్టి ఉంటారని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

అల్లుడు మాడిన చొక్కా చెయ్యి పైకి మడుచుకుని తొట్టి మీదికి వంగాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను, అది జ్ఞానతల్లి వెయ్యాలి. ఆ భుజం వణుకుతోంది. నలభై అయిదేళ్ళ మగాడు, లారీ ఇంజను కింద ఒంటరిగా దూరిపోయే మనిషి, పసిపిల్లాడిలా వణుకుతున్నాడు. నాకు దుఃఖం వచ్చింది, దాంతోపాటే పట్టరాని కోపం వచ్చింది. కోపం ఎవరి మీదంటే అందరికంటే ముందు నా మీదే.

మా ఊళ్ళో ఫాదర్ జ్ఞానతల్లిని మూడుసార్లు అడుగుతాడు. మూడుసార్లూ ఒకే పేరు చెబితేనే నీళ్ళు.

"ఊరు ఇతన్ని ఏ పేరుతో పిలవాలి?" అన్నాడు ఫాదర్ ఉర్బాన్.

"రోనీ," అన్నాను.

నా గొంతులో ఆ మాట ఎలా ఉంటుందో నాకే తెలియదు. బాగానే ఉంది. వెనకాల బాండువాడి చేతిలోంచి ఏదో కిందపడి దొర్లుకుంటూ పోయింది. ఫాదర్ నా మీదికి వంగి మెల్లగా అన్నాడు, "సెన్సీ, కంగారుపడ్డావేమో. నీళ్ళు తాగు. మళ్ళీ అడుగుతున్నాను. ఊరు ఇతన్ని ఏ పేరుతో పిలవాలి?"

"రోనీ."

ముందు బెంచీలోంచి గోట్‌హార్డ్ లేచాడు. మొహం బీట్‌రూటు రంగులోకి తిరిగింది. "వదినా, అడవి," అన్నాడు. "అడవి పోతుంది వదినా."

"పోతే పోనీ. మనం పుట్టించింది కాదు."

"అసలు ఆ పేరుతో పునీతుడే లేడు కదా," అన్నాడు ఫాదర్, దారి వెతుక్కుంటూ.

"ఇంతవరకూ లేడు. అంటే ఖాళీ ఉంది. ఈ వూనిబాల్ట్ గారికి ముందు వూనిబాల్ట్ అనే పునీతుడు ఉన్నాడా? ఈయన మాత్రం ఎవరు, పరాయిదేశపు సాక్సనే కదా. మీరు మూడోసారి అడగండి ఫాదర్, మధ్యాహ్నం వంట ఉంది నాకు."

రోనీ తల ఎత్తి నన్ను చూశాడు. "అత్తమ్మా, చలికాలం ఉందింకా," అన్నాడు.

"నోరు మూసుకుని తల వంచు," అన్నాను.

ఫాదర్ మూడోసారి అడిగాడు. ఆయన మంచివాడు, కొంచెం నవ్వుతున్నట్టు కూడా అనిపించింది. నేను చెప్పాను, ఈసారి వెనక బెంచీ గూఢచారులకు కూడా వినబడేట్టు. నీళ్ళు పడ్డాయి. ఎగువ వింకెల్‌లో మిగిలిన ఒక్కగానొక్క ఎండు నెత్తి తడిసిపోయింది, ఇక చేసేదేమీ లేదు. ఆఫ్రా నా పక్కన నిలబడి ఏడుస్తూ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఉంగరం గుచ్చుకుని రక్తం వచ్చింది.

పద్దెనిమిదిన అడవిలో గొడ్డలి దెబ్బ జరిగింది. పళ్ళ డాక్టరు కొడుకును గొర్రె ఉన్నిలో చుట్టి తెచ్చి, ఆ గుప్పెడంత చేతిని గొడ్డలి కామ మీద పెట్టి, వెనకనించి ముగ్గురు మగాళ్ళు కొట్టారు. పిల్లాడు ఆనందంగానూ లేడు, తెగించనూ లేదు. గుక్కపట్టి ఏడ్చాడు. అడవి మొత్తం ఆ ఏటికి దిగువవాళ్ళదైంది.

మా ఊళ్ళో నాతో మాటలు ఆగిపోయాయి. రొట్టెలకొట్లో నేను వెళితే అందరికీ ఒక్కసారే ఏదో పని గుర్తొచ్చేది. ఎల్‌ఫ్రీడ నా ఉత్తరాలు కంచె మీదినుంచి విసిరేది, వాటిలో సగం కోళ్ళు తొక్కేవి. ప్రతి ఇంట్లో పొద్దున్నే పొయ్యి దగ్గర నన్ను తిడుతున్నారని తెలుస్తూనే ఉండేది. పోయినేటి కట్టె జనవరి దాకా లాక్కొచ్చారు. ఆ తర్వాత ఎప్పటివో నూనె హీటర్లు నేలమాళిగల్లోంచి దుమ్ము దులిపి వెలిగించుకున్నారు. నిజం చెబుతున్నాను, రెండుమూడుసార్లు నాకూ పశ్చాత్తాపం కలిగింది. చలికి మోకాళ్ళు నొప్పెట్టినప్పుడు కలిగింది. రోనీ నా మంచం పక్కకు తన దుప్పటి కూడా తెచ్చి పడేసినప్పుడు పోయింది.

ఫిబ్రవరి రెండో వారంలో చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కిందికి దిగింది. మధ్యాహ్నం సూపు పోస్తున్నాను, తలుపు చప్పుడైంది. తీస్తే మేడింటి గోట్‌హార్డ్. రెండు కోట్లు, భార్య శాలువా, మీసాల మీద మంచు. రెండు నెలల తర్వాత నా మొహం చూశాడు. కాసేపు గుమ్మం మీది గుర్రపునాడా కేసి చూశాడు, కాసేపు తన బూట్లకేసి చూశాడు.

"హీటరు చచ్చిపోయింది," అన్నాడు. "ఇంటామె వంటింట్లో ఓవెన్ తలుపు తీసుకుని కూర్చుంది."

అతను అడగాల్సిన మాట నేను అందించలేదు. నిలబడ్డాను.

"రోనీ ఉన్నాడా, వదినా?"

తిట్టడానికి తప్ప ఆ మాట ఆ మనిషి నోటినుంచి ఇంతకుముందు వచ్చి ఉండదు. తొట్టి దగ్గర పెట్టిన పేరు మరి, ఎంత కడుపుమంట ఉన్నా మా ఊళ్ళో ఇంకోటి అనడానికి లేదు. తలుపు తీసి ఉంచి వంటింట్లోకి తిరిగి చూశాను. రోనీ చెంచా నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు, విన్నాడు. ట్రాక్టరు ఆగిందంటే తిండి వదిలేసి పరిగెత్తే మనిషి, లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. గిన్నెలోంచి ఇంకో ఉండ తీసుకుని, నిదానంగా నాలుగు ముక్కలు చేసుకున్నాడు.

నేను మళ్ళీ గుమ్మం వైపు తిరిగి గోట్‌హార్డ్‌తో చెప్పాను. "రోనీ సూపు తాగుతున్నాడు. లోపలికొచ్చి కూర్చో, బూట్లు దులుపుకుని రా."